కళింగపట్నం సూర్యోదయం ఫొటోలు మసకగా వస్తున్నాయన్న ప్రశ్నకు

లెన్స్ పాడవలేదండి, అది చెమ్మ. శ్రీకాకుళంలో ఏసీ గదిలో పడుకుని, ఏసీ కారులో వచ్చి, బీచ్‌లో దిగగానే కెమెరా తీశానని మీరే రాశారు. చల్లగా ఉన్న అద్దానికి సముద్రపు తడిగాలి తగిలితే ఆవిరి పట్టేస్తుంది. మొదటి 20 ఫొటోలు పాలు పోసినట్టు తెల్లగా వచ్చి, తర్వాతవి బాగుండడానికి కారణం ఇదే.

1. ఊరు దాటగానే కారులో ఏసీ ఆపి అద్దాలు దించండి.

2. చాలామంది తప్పేది ఇక్కడే: దిగాక కనీసం అరగంట బ్యాగ్ జిప్ తీయకండి. మూసిన బ్యాగ్‌లో కెమెరా మెల్లగా వేడెక్కుతుంది, ఆవిరి పట్టదు. అంటే తెల్లవారకముందే అక్కడుండాలి. ఆ అరగంటలో లైట్‌హౌస్, ఒడ్డున పడవలు చూసుకుని ఎక్కడ నిలబడాలో తేల్చుకోండి.

3. అయినా ఆవిరి పడితే తుడవకండి, తుడిచిన కొద్దీ మళ్లీ పడుతుంది. ఆగండి. ఆ సమయంలో లెన్స్ మాత్రం మార్చొద్దు, తేమ లోపలికి పోతే సెన్సర్‌కే ప్రమాదం.

4. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కొద్దిగా తడిపి పిండిన గుడ్డతో కెమెరా బయటివైపు తుడవండి. పొడి గుడ్డతో రుద్దితే ఉప్పు గీతలు పడతాయి. నా ఫిల్టర్ ఒకటి అలాగే పోయింది.

దగ్గర్లోని బౌద్ధ క్షేత్రం శాలిహుండం కొండను సాయంత్రానికి ఉంచుకోండి. ఎండ పడమటి నుంచి పడుతుంది కాబట్టి కొండ మీది నుంచి తీసే ఫొటోల్లో సముద్రం వైపు సాగే వంశధార నది స్పష్టంగా వస్తుంది.