ఎన్‌బీఏకి వెళ్ళని ఫిలిప్పీన్స్ ఆటగాడి కెరీర్‌ని గొప్పది అనొచ్చా?

ఫిలిప్పీన్స్‌లో బాస్కెట్‌బాల్ అంటే పడి చస్తారు కదా, మరి అక్కడే పుట్టి పెరిగినవాళ్ళు ఎన్‌బీఏలో, అంటే అమెరికా ప్రొఫెషనల్ లీగ్‌లో, కనబడరే, అలాంటప్పుడు వాళ్ళ ప్రొఫెషనల్ కెరీర్‌కి ఏం విలువ ఉంటుంది అని అడిగారు. చాలా విలువ ఉంటుంది. నేను మెడిసిన్ సెబూలో చదివాను, మన తెలుగు పిల్లలు దవావ్‌లో, సెబూలో, మనీలాలో చాలామందే ఉంటారు, కానీ ఎక్కువమంది హాస్టల్, కాలేజీ, క్రికెట్ స్కోర్లు, వీటితోనే సరిపెట్టుకుంటారు. నేను అక్కడి ఆటలో పడ్డాను. నన్ను పడేసింది జూన్ మార్ ఫహార్డో అనే ఆటగాడు, అందుకే అతని గురించే చెప్తాను.

ముందు అక్కడి వాతావరణం తెలియాలి. ప్రతి బరంగాయ్‌కీ, అంటే మన వార్డు లాంటి దానికి, రేకుల కప్పు వేసిన కోర్టు ఒకటి ఉంటుంది. మీటింగులు, పంపిణీలు, డాన్సు ప్రాక్టీసులు అన్నీ అందులోనే, సాయంత్రమైతే మాత్రం ఆటే. సగం మంది కాళ్ళకి హవాయి చెప్పులు. ఆ చెప్పులతోనే ఎగిరి లేఅప్ వేసి, ఊడిన చెప్పుని కాలితో వెనక్కి లాక్కుని డిఫెన్స్‌కి పరిగెత్తేవాళ్ళు. సెబూలో ఆ పిల్లల ఒంటి మీద ఎక్కువగా కనిపించేది 15 నంబరు జెర్సీ, అది ఫహార్డోది.

ఫహార్డో 1989లో పుట్టాడు, ఊరు సెబూ ద్వీపం పడమటి ఒడ్డున ఉన్న పినముంగహాన్. ఎత్తు 6 అడుగుల 10 అంగుళాలు. అక్కడ పేరు రావాలంటే మామూలుగా మనీలా యూనివర్సిటీల తరఫున ఆడాలి, టీవీలో చూపించేది, పేపర్లు రాసేది ఎక్కువగా వాళ్ళ గురించే. ఇతను యూనివర్సిటీ ఆఫ్ సెబూకి ఆడి, అక్కడి నుంచే 2012లో పీబీఏ, అంటే అక్కడి ప్రొఫెషనల్ లీగ్, డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునేది) మొదటి పిక్‌గా వెళ్ళాడు. పీబీఏ 1975లో మొదలైంది, ఆసియాలో మొదటి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ అదే. జట్లకి ఊళ్ళ పేర్లు ఉండవు, కంపెనీల పేర్లు ఉంటాయి: పాల కంపెనీ, ఫోన్ కంపెనీ, కరెంటు కంపెనీ. ఫహార్డోని తీసుకున్నది పెట్రాన్, అదే జట్టు తర్వాత శాన్ మిగెల్ బీర్‌మెన్‌గా మారింది. అప్పటి నుంచి అతను జట్టు మారలేదు.

మొదటి సీజన్‌లోనే అదరగొట్టేయలేదు. ఒడ్డూ పొడవూ ఉన్నా ముదురు సెంటర్లు, అంటే బుట్ట కింద ఆడే పొడుగు ఆటగాళ్ళు, అతన్ని తోసేసేవాళ్ళు. అదే జట్టులో ఉన్న డానీ ఇల్డెఫోన్సో, 2000, 2001లో ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడు), ఇతన్ని దగ్గరుండి తీర్చిదిద్దాడు. ఆ తర్వాత ఏడాది నుంచి చూడండి, 2014 మొదలు 2019 వరకు వరసగా ఆరు ఎంవీపీలు! అంతకుముందు రికార్డు నాలుగు, రమోన్ ఫెర్నాండెజ్, ఆల్విన్ పత్రిమోనియో పేర్ల మీద ఉండేది, వాళ్ళిద్దరూ అక్కడ దేవుళ్ళ లెక్క.

మనీలాలో చదివే ఫ్రెండ్ దగ్గరికి వెళ్ళినప్పుడు కుబావోలోని అరానెటా కొలిసియంలో ఒక మ్యాచ్ చూశాను. టీవీలో ఇతను నెమ్మదిగా కనిపిస్తాడు, ఎదురుగా చూస్తే కథే వేరు. బుట్టకి వీపు పెట్టి నిలబడి, ఒక చెయ్యి వెనక్కి చాపి డిఫెండర్ ఎటు ఉన్నాడో తడిమి చూసుకుంటాడు, బంతి అందగానే ఒక్క అడుగు, ఒక్క తిప్పు, కుడిచేత్తో బుట్ట పక్కనుంచి మెల్లగా వదిలేస్తాడు. ఇద్దరు వచ్చి మీద పడితే విసుక్కోడు, బంతి బయటికి ఇచ్చేసి మళ్ళీ అదే చోటుకి వచ్చి నిలబడతాడు. గుండెలు బాదుకోవడాలు, అరుపులు ఏమీ ఉండవు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

ఇక 2016 ఫైనల్. ఫిలిప్పీన్ కప్ అంటే విదేశీ ఆటగాళ్ళు లేకుండా ఆడేది, అక్కడ అన్నిటికన్నా గౌరవం దానికే. ఫహార్డో మోకాలి దెబ్బతో బయట కూర్చున్నాడు, ఏడు మ్యాచ్‌ల ఫైనల్లో అలాస్కా అనే పాల కంపెనీ జట్టు 3-0తో ముందుంది, ఇంకొక్కటి గెలిస్తే చాలు. నాలుగోది శాన్ మిగెల్ ఎలాగో లాక్కుంది. అయిదో మ్యాచ్‌కి ఇతను కుంటుకుంటూనే దిగాడు. మా వీధిలోని కరిందెరియాలో, అంటే చిన్న మెస్‌లో, చూస్తున్నాం, ఇతను కోర్టులోకి రాగానే వడ్డించే ఆవిడ గరిటె గిన్నెలో వదిలేసి వచ్చి టీవీ ముందు నిలబడింది, అన్నం అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. చివరికి 4-3. పీబీఏ ఫైనల్స్‌లో 0-3 నుంచి వచ్చి గెలిచిన మొదటి జట్టు అదే. ఫైనల్స్ ఎంవీపీ మాత్రం క్రిస్ రాస్‌కి ఇచ్చారు, అది న్యాయమే.

2020 ఫిబ్రవరిలో ప్రాక్టీసులో ముంగాలి ఎముక విరిగింది. డాక్టరుగా చెప్తున్నా, అంత ఎత్తు, అంత బరువు ఉండి, వీపుతో మనుషుల్ని నెట్టుకుంటూ ఆడే ఆటగాడికి ముప్పై ఏళ్ళ వయసులో టిబియా విరిగితే, ఎముక అతకడం ఒక ఎత్తు, మళ్ళీ ఆ కాలి మీద పూర్తి బరువు ఆనించి తిరగగలననే నమ్మకం రావడం ఇంకో ఎత్తు. ఆ ఏడాదంతా ఆడలేదు. 2021లో వాళ్ళమ్మ పోయారు. 2022లో ఫిలిప్పీన్ కప్ గెలిచి ఫైనల్స్ ఎంవీపీ అయ్యాడు. ఆ వరస ఆరు ఎంవీపీల కన్నా నాకు ఇదే పెద్దది అనిపిస్తుంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. పీబీఏలో స్థానిక ఆటగాడి జీతానికి చాలా ఏళ్ళుగా ఉన్న పరిమితి నెలకి 4,20,000 పెసోలు, మన లెక్కలో ఆరు లక్షల పైమాటే. ఎన్‌బీఏతో పోల్చలేం, కానీ అక్కడ అది మంచి బతుకు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, రచ్చ గెలవలేదా అంటే అదీ ఉంది. 2014లో స్పెయిన్‌లో జరిగిన వరల్డ్ కప్‌లో ఫిలిప్పీన్స్ జట్టు సెనెగల్‌ని ఓవర్‌టైమ్‌లో ఓడించింది, 1974 తర్వాత ఆ దేశానికి వరల్డ్ కప్‌లో అదే తొలి గెలుపు, ఆ జట్టుకి ఆడిన అమెరికా సెంటర్ ఆండ్రే బ్లాచ్ ఫౌల్స్ ఎక్కువై బయటికి వెళ్ళిపోయాక బుట్ట కింద భారం మోసింది ఇతనే. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో బంగారు పతకం, 1962 తర్వాత మళ్ళీ అప్పుడే, ఆ జట్టులోనూ ఉన్నాడు.

2024 ఫిలిప్పీన్ కప్ ఫైనల్ నేను హైదరాబాద్‌లో ఫోన్‌లో చూశాను. ఆరో మ్యాచ్ ఆఖరి క్షణాల్లో, అందరూ లోపల కాచుకుని ఉంటే, ఈ సెంటర్ బయటినుంచి మూడు పాయింట్ల షాట్ వేసి 78-78 చేశాడు. 1.3 సెకన్లు మిగిలుండగా ఎదుటి జట్టు క్రిస్ న్యూసమ్ షాట్ పడింది, అతని జట్టు మెరాల్కోకి, అదే కరెంటు కంపెనీకి, పీబీఏలో మొదటి టైటిల్ వచ్చింది. శాన్ మిగెల్ ఓడింది, నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఆ సీజన్ ఎంవీపీ మళ్ళీ ఫహార్డోకే ఇచ్చారు, అది అతనికి ఎనిమిదోది.