ర్యాంకు చూసే ముందు లెక్క విప్పండి

యువత ఏ దేశంలో ఎలా ఉందో కొలిచి, దేశాలను వరసలో నిలబెట్టే సూచీల గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. దాదాపు అన్నీ విశాఖ నుంచో, చుట్టుపక్కల ఊళ్ల నుంచో వచ్చినవే. ఒకే సందేహం నలుగురు అడిగిన చోట ఒక్క ఉత్తరాన్నే తీసుకున్నాం.

ప్రశ్న: కామన్వెల్త్ యువజనాభివృద్ధి సూచీలో 2016లో మన దేశానిది 133వ స్థానం, 2020లో 122వ స్థానం. నా ప్రాజెక్టులో ‘నాలుగేళ్లలో భారత్ 11 మెట్లు ఎక్కింది’ అని రాయవచ్చా?
– ఎం.ఏ. విద్యార్థిని, మద్దిలపాలెం

జవాబు: రాయకండి. పేరు ఒకటే అయినా ఆ రెండు కొలబద్దలు వేరు. 2016 సూచీలో 183 దేశాలు, 5 రంగాలు, 18 సూచికలు (విడివిడి కొలతలు) ఉన్నాయి. 2020కి వచ్చేసరికి 181 దేశాలు, 6 రంగాలు, 27 సూచికలు అయ్యాయి. సమానత్వం, శాంతిభద్రతల వంటివి కొత్తగా రంగాలుగా చేరాయి. కొలబద్ద మార్చి మళ్లీ కొలిస్తే, పెరిగింది పిల్లాడో కొలబద్దో తేలదు.

ఇందుకు దారి 2020 నివేదికలోనే ఉంది. కొత్త పద్ధతితోనే 2010 నుంచి 2018 దాకా స్కోర్లను వెనక్కి వెళ్లి లెక్కించారు. మీరు పోల్చదగినవి అవే. ఆ కాలంలో బాగా మెరుగుపడిన దేశాల్లో భారత్ ఒకటని ఆ నివేదిక చెబుతోంది, ఆ మాట ధైర్యంగా రాయండి. అయితే ఆ జాబితాలో మొదటి పేరు అఫ్గానిస్థాన్‌ది. అదే దేశం అదే నివేదికలో అట్టడుగు ఐదింటిలోనూ ఉంది. ఎంత కింద నుంచి మొదలైతే ఎక్కడానికి అంత చోటు ఉంటుంది మరి. అందుకే స్థాయి, వేగం, ర్యాంకు అని మూడు వేర్వేరు నిలువు వరసలు పెట్టుకోండి.

తేదీ దగ్గర కూడా చాలామంది తప్పుతారు. సూచీ పేరులో 2020 ఉన్నా, లెక్కలు 2018తో ఆగాయి. విడుదలైంది 2021 ఆగస్టులో. కరోనా దెబ్బ ఆ ర్యాంకులో కనిపిస్తోందని రాస్తే మీ గైడ్ ఎర్ర సిరాతో కొట్టేస్తారు.

ప్రశ్న: అక్షరాస్యత శాతం, నిరుద్యోగం శాతం, ఆరోగ్యం... వీటన్నిటినీ కలిపి 0 నుంచి 1 మధ్య ఒకే అంకె ఎలా చేస్తారు? డిగ్రీ పిల్లలకు బోర్డు మీద చేసి చూపించాలనుకుంటున్నాను.
– లెక్చరర్, ఎంవీపీ కాలనీ

జవాబు: ముందు ప్రతి సూచికకు ఒక కింది హద్దు, ఒక పై హద్దు పెట్టుకోవాలి. దేశం విలువలోంచి కింది హద్దు తీసేసి, వచ్చినదాన్ని రెండు హద్దుల తేడాతో భాగించాలి. ఎక్కువైతే చెడు అనుకునే సూచికకు వచ్చిన జవాబును 1 లోంచి తీసివేయాలి.

రెండు ఊహా దేశాలు తీసుకోండి. ‘అ’ దేశంలో యువత అక్షరాస్యత 92 శాతం, చదువూ పనీ శిక్షణా ఏదీ లేనివాళ్లు 28 శాతం. ‘ఇ’ దేశంలో ఇవి 76, 17. అక్షరాస్యతకు హద్దులు 30, 100 అనుకుందాం. రెండోదానికి 0, 50 అనుకుందాం. ‘అ’కు అక్షరాస్యతలో (92–30)÷70, అంటే 0.886. రెండోదాంట్లో 1–(28÷50), అంటే 0.44. ‘ఇ’కి ఇలాగే 0.657, 0.66 వస్తాయి.

ఇప్పుడు అంకమధ్యమం, అంటే రెండూ కూడి సగం చేసే మామూలు సగటు, తీయండి. ‘అ’కు 0.663, ‘ఇ’కి 0.659. ‘అ’ ముందుంది. అవే అంకెలకు గుణమధ్యమం, అంటే రెండిటినీ గుణించి దాని వర్గమూలం, తీయండి. ‘అ’ 0.624కు పడిపోతుంది, ‘ఇ’ 0.659 దగ్గరే నిలుస్తుంది. ర్యాంకు తలకిందులైంది. ఒక సబ్జెక్టులో 90 తెచ్చుకుని మరో దాంట్లో తప్పినవాణ్ణి అంకమధ్యమం గట్టెక్కిస్తుంది, గుణమధ్యమం గట్టెక్కించదు. ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి సూచీ 2010లో మొదటిదాన్ని వదిలి రెండోదానికి మారింది ఇందుకే.

బోర్డు చెరపకండి, ఇంకొక్కటి చూపించాలి. రెండో సూచికకు పై హద్దు 50 బదులు 70 పెట్టండి. యుద్ధంలో చితికిన ఒక్క దేశం జాబితాలో చేరి, దాని విలువనే హద్దుగా తీసుకుంటే ఇలా అవుతుంది. ‘అ’ అంకమధ్యమం 0.743, ‘ఇ’ది 0.707 అవుతుంది. 0.004 ఉన్న తేడా 0.036 అయింది. ఏ దేశంలోనూ ఒక్క కుర్రాడి బతుకు మారలేదు, మారింది హద్దు ఒక్కటే. అందుకే హద్దుల పట్టిక ఇవ్వని సూచీని తరగతిలో వాడవద్దని మా సలహా.

ప్రశ్న: మనకంటే బీద దేశాల్లో యువ నిరుద్యోగం మనకంటే తక్కువ అని పత్రికల్లో చదువుతున్నాను. నమ్మాలా? ‘నీట్ శాతం’ అని ఇంకొకటి రాస్తున్నారు, అదేమిటి?
– గాజువాక పాఠకుడు

జవాబు: ఈ నీట్ మెడికల్ సీటు పరీక్ష కాదు. చదువులో గానీ, ఉద్యోగంలో గానీ, శిక్షణలో గానీ లేని యువత అని అర్థం. ఇంగ్లిషు మాటల మొదటి అక్షరాలు కలిసి అలా పలికాయి, అంతే.

నిరుద్యోగి అనిపించుకోవడానికి మూడు షరతులు ఉన్నాయి. లెక్కలోకి తీసుకున్న వారంలో కనీసం ఒక గంట కూడా పని చేసి ఉండకూడదు, పని కోసం వెతికి ఉండాలి, దొరికితే వెంటనే చేరడానికి సిద్ధంగా ఉండాలి. ఇంట్లో పొయ్యి వెలగని కుర్రాడు వెతుక్కుంటూ కూర్చోలేడు, ఏదో ఒక కూలికి పోతాడు. ఆ ఒక్క గంటతో ఉద్యోగస్థుడి లెక్కలో పడిపోతాడు. బీద దేశంలో ఈ శాతం తక్కువగా ఉండటంలో వింతేమీ లేదు.

ఒక వీధిలో 15–29 ఏళ్లవాళ్లు వందమంది ఉన్నారనుకోండి. 40 మంది చదువుతున్నారు, 35 మంది పనిలో ఉన్నారు, ఐదుగురు పని వెతుకుతున్నారు, మిగతా 20 మంది ఏదీ కాదు. నిరుద్యోగ శాతం అంటే పని చేసేవాళ్లూ వెతికేవాళ్లూ కలిపిన 40 మందిలో ఐదుగురు, అంటే 12.5. నీట్ శాతం మొత్తం వందలో వెతికేవాళ్లూ ఏదీ కానివాళ్లూ కలిపి 25. వీధి ఒకటే, అంకె రెట్టింపు. ఆ 20 మందిలో ఎక్కువమంది చదువు ఆగి ఇంటి పనిలో ఉన్న ఆడపిల్లలు. నిరుద్యోగ శాతానికి వాళ్లు కనిపించరు. అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కలో 2023లో ప్రపంచ యువత నీట్ శాతం 20.4. ఆడపిల్లల్లో 28.1, మగపిల్లల్లో 13.1. ఒకే అంకె చూసే వెసులుబాటు ఉంటే మేం ఈ తేడానే చూస్తాం.

మన ఫిషింగ్ హార్బర్ చూడండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోటు మీద వెళ్లే కుర్రాణ్ణి మే మొదటి వారంలో అడిగితే, వారం లెక్కన పని లేనివాడు. ఆ వారంలో సొంత వల ఒక గంట కుట్టుకున్నా పని ఉన్నవాడే. అదే కుర్రాడు ఏడాది లెక్కన మామూలు మత్స్యకారుడు. మన దేశ శ్రామిక సర్వేలో ఏడాది లెక్క, వారం లెక్క రెండూ ఉంటాయి. మన ఏడాది లెక్కను ఇంకో దేశం వారం లెక్క పక్కన పెట్టి పోల్చడం మాకు తరచూ కనిపించే తప్పు.

ఇంకో చిక్కు ఉంది. 2013లో అంతర్జాతీయ శ్రామిక గణాంకవేత్తల 19వ సమావేశం ఉద్యోగం నిర్వచనాన్నే మార్చింది. అమ్ముకోకుండా ఇంట్లో తినడానికే పండించుకుంటే, పట్టుకుంటే అది పనే, కానీ ఉద్యోగం కాదంది. కొన్ని దేశాలు కొత్త పద్ధతికి మారాయి, కొన్ని పాతదాంట్లోనే ఉన్నాయి. పల్లెలు ఎక్కువున్న దేశం మారిన ఏడాది నీట్ శాతం ఒక్కసారిగా ఎగబాకితే కంగారు పడకండి, ముందు పట్టిక కింది చిన్న అక్షరాలు చదవండి.

ప్రశ్న: మా యువజన సంఘం 15–29 ఏళ్లవాళ్లు 200 మందిని సర్వే చేసింది. 20, 25 ఏళ్ల దగ్గర జనం కుప్ప పడ్డారు, 29 ఏళ్లవాళ్లు దాదాపు లేరు. ఎక్కడ పొరపాటు జరిగింది?
– భీమిలి యువజన సంఘ సభ్యులు

జవాబు: వయసు అడిగిన తీరులో. ‘ఎన్నేళ్లమ్మా?’ అంటే ‘పాతిక ఉంటాయి బాబూ’ అంటారు. 24కీ 26కీ అదే జవాబు. 29 ఏళ్లవాడు ‘ముప్పై’ అనేసరికి మీ జాబితాలోంచే పోయాడు. జనగణనలోనూ ఈ కుప్పలుంటాయి, గుండ్రటి అంకెల మీద మనవాళ్లకు అంత మక్కువ.

వయసు అడగకండి, పుట్టిన తేదీ అడగండి. టెన్త్ మార్కుల మెమో ఉంటే అందులోది రాసుకోండి. ఆధార్‌లో జనవరి 1 అని ఉంటే అనుమానించండి. తేదీ తెలియనివాళ్లకు అప్పటికి ఏ తరగతిలో ఉండేవాళ్లో అడిగి రాబట్టాలి. విశాఖ వాళ్లకు హుద్‌హుద్‌ను మించిన గుర్తు లేదు, అది 2014 అక్టోబరు 12. ‘తుపాను నాటికి ఎనిమిదో తరగతి’ అంటే అప్పటికి 13 అటూ ఇటూ, 2001 ప్రాంతంలో పుట్టినట్టు. చిన్నవాళ్లకు 2020 మార్చి లాక్‌డౌన్ వాడండి. సర్వే 14 నుంచి 31 దాకా చేసి, తేదీలు సరిచూశాక 15–29 వేరు చేసుకోండి. అంచుల దగ్గర జారిపోయినవాళ్లు దొరుకుతారు.

పరీక్షకు ఒక చిన్న లెక్క ఉంది. 20 ఏళ్లవాళ్ల సంఖ్యను, 18 నుంచి 22 దాకా ఒక్కో వయసుకు వచ్చిన సగటుతో భాగించండి. ఒకటికి దగ్గరగా వస్తే సరే. ఒకటిన్నర దాటితే మళ్లీ ఇళ్లకు వెళ్లాల్సిందే.

200 మందితో ఏం తేలుతుందో కూడా ముందే తెలుసుకోండి. నీట్ శాతం 25 వచ్చిందంటే అసలుది 19కీ 31కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఆడ, మగ వందేసి మందిగా విడదీస్తే ఆ తేడా అటూ ఇటూ ఎనిమిదిన్నర పాయింట్లకు పెరుగుతుంది. ఇదీ ఇళ్లను చీటీ తీసి ఎంచుకుంటేనే. పక్కపక్క ఇళ్లే చేస్తే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. వేరే దేశంతో పోల్చేటప్పుడు వయసు కూడా చూసుకోండి. ఐక్యరాజ్యసమితి లెక్కల్లో యువత అంటే 15–24, ఆఫ్రికా యువజన పత్రంలో 15–35, మన 2014 జాతీయ యువజన విధానంలో 15–29. మీ సర్వేలోంచి 15–24 విడిగా తీసి ఉంచుకుంటే ఎవరి పక్కనైనా పెట్టొచ్చు.

ప్రశ్న: బాల్యవివాహాలు ఇప్పటి పిల్లల సమస్య కదా, 20–24 ఏళ్ల ఆడవాళ్లను అడగడమేమిటి?
– అంగన్‌వాడీ కార్యకర్త, అనకాపల్లి

జవాబు: ఇవాళ 16 ఏళ్ల పిల్లకు పెళ్లి కాలేదంటే, రేపు 17లో కాదని ఎవరు చెప్పగలరు? ఆమె కథ ఇంకా పూర్తి కాలేదు. 15–19 వాళ్లను లెక్కిస్తే అంకె ఎప్పుడూ తక్కువే వస్తుంది. 20 దాటినవాళ్లకు 18 లోపు అయిందా లేదా అన్నది తేలిపోయి ఉంటుంది. అందుకే అంతర్జాతీయ లెక్కల్లోనూ ఇలాగే అడుగుతారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో ఈ అంకె దేశానికి 23.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 29.3. మన రాష్ట్రం దేశ సగటు కంటే వెనకబడి ఉంది, ఇది మనసులో పెట్టుకోవాల్సిన అంకె. ఒక్క జాగ్రత్త: ఇది కొన్నేళ్ల కింద జరిగిన పెళ్లిళ్ల లెక్క. మీ ఊళ్లో నిరుడు తెచ్చిన మార్పు ఇందులో కనిపించడానికి సమయం పడుతుంది.

ప్రశ్న: ‘గత నెలలో వాలంటీరుగా పనిచేశారా?’ అని అడిగితే మా దగ్గర అందరూ లేదంటున్నారు. మన యువతకు సేవాభావం లేదని రాసుకోవాలా?
– సర్వే కార్యకర్త, గోపాలపట్నం

జవాబు: రాసుకోవద్దు, ప్రశ్న మార్చండి. సింహాచలం గిరి ప్రదక్షిణ రోజు రాత్రంతా దారి పక్కన నిలబడి మంచినీళ్లు, మజ్జిగ ఇచ్చిన కుర్రాణ్ణి ‘వాలంటీరువా?’ అంటే కాదంటాడు. అది ప్రభుత్వ ఉద్యోగం లాంటిదని మన రాష్ట్రంలో ఆ మాటకు అర్థం పడిపోయింది. ‘డబ్బు తీసుకోకుండా ఇంటి బయటివాళ్ల కోసం ఏదైనా పని చేశారా? నీళ్లు ఇవ్వడం, రక్తదానం, పిల్లలకు చదువు చెప్పడం లాంటిది’ అని అడగండి. అంతర్జాతీయ సూచీల్లో పౌర భాగస్వామ్యం అంకెలు చాలావరకు ఇలాంటి అభిప్రాయ సర్వేల నుంచే వస్తాయి. అనువాదంలో ఒక్క మాట తేడా వచ్చినా దేశం ర్యాంకు కదులుతుంది. ఆ ఒక్క రంగాన్ని తీసేసి మళ్లీ ర్యాంకులు వేసి చూడండి. అయినా నిలిచే తేడాలనే గట్టిగా చెప్పండి.

ప్రశ్న: 2011 జనగణనలోని విశాఖ జిల్లా యువతను ఇప్పటి జిల్లాతో పోల్చవచ్చా?
– పాత్రికేయుడు, విశాఖపట్నం

జవాబు: నేరుగా కుదరదు. 2011లో 42.9 లక్షల జనాభాతో లెక్కించిన జిల్లాలో పాడేరు, అరకు, అనకాపల్లి అన్నీ ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న అది విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలకు పంచబడింది. మన్యం వేరుపడ్డాక మిగిలిన నగర జిల్లా అక్షరాస్యత, ఎవరూ ఏమీ చేయకపోయినా పెరిగినట్టు కనిపిస్తుంది. 2011 మండలాల పట్టిక తీసుకుని, ఇప్పటి జిల్లాలో ఉన్న మండలాలను మాత్రమే కూడి పాత అంకె మళ్లీ కట్టండి. శాతాల సగటు తీయవద్దు. తలలు కూడి, చివర ఒక్కసారే భాగించండి. 2022లో అల్లూరి జిల్లాలోకి పాత తూర్పుగోదావరి మండలాలు కూడా వచ్చాయి కాబట్టి, అప్పటి మూడు కొత్త జిల్లాలను కలిపినా పాత విశాఖ రాదు.