మీటర్ ఎర్రగా మారిందని గొలుసు తాకట్టు పెట్టకండి

ప్రశ్న: బాచుపల్లిలో కొత్తగా కొన్న ఫ్లాట్‌లోకి పోయిన దసరాకు దిగాం. నాలుగో అంతస్తు. ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం, నెలకు చేతికి 1,35,000 వస్తుంది. హోమ్ లోన్ ఈఎంఐ 52,000. ఇంటీరియర్స్ కోసం తీసుకున్న పర్సనల్ లోన్ ఈఎంఐ 14,500. ఇంటి ఖర్చులు, స్కూలు ఫీజు కలిపి సుమారు 50,000. సిప్ 10,000. బ్యాంకులో 1,90,000 ఉంది. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ మా ఐదేళ్ల బాబుకు రాత్రిళ్లు దగ్గు, అప్పుడప్పుడు పిల్లికూతలు. మా అపార్ట్‌మెంట్‌లో స్టాల్ పెట్టిన ఒక కంపెనీ వాళ్లు ఇంటికొచ్చి చిన్న మీటర్‌తో ఉచితంగా గాలి చూశారు. బాబు గదిలో వార్డ్‌రోబ్ తెరవగానే ఫార్మాల్డిహైడ్ అనే వాయువు అంకె 0.38కి వెళ్లి స్క్రీన్ ఎర్రగా మారింది. ఇల్లంతా పరీక్షించడానికి 28,500, పైన జీఎస్టీ అన్నారు. తర్వాత గోడలకు, చెక్కపనికి కోటింగ్, రెండు ఎయిర్ ప్యూరిఫయర్లు అన్నీ కలిపి 1,65,000. పన్నెండు నెలల ఈఎంఐ ఇస్తారట. న్యూజెర్సీలో ఉన్న మా అక్క ఇల్లు కొనేముందు గాలి పరీక్ష చేయించింది, నువ్వూ చేయించమంటోంది. మా అత్తగారు ఈ ఇల్లు అచ్చిరాలేదంటున్నారు. నా గొలుసు తాకట్టు పెట్టయినా చేయిద్దామా? అన్నట్టు బాబు గదిలో ఒక మూల గోడకు చెమ్మ ఉంది, అటువైపు బాత్రూమ్. దోమలు ఎక్కువని రాత్రి కాయిల్ పెడతాం.

జవాబు: అమ్మా, గొలుసు జోలికి పోకండి. పరీక్ష కూడా ఇప్పుడే వద్దు. బాబును మాత్రం ఈ వారంలోనే పిల్లల డాక్టర్‌కు చూపించండి. ఇంత పెద్ద ఉత్తరంలో డాక్టర్ మాట ఎక్కడా లేదు. నాకు టెన్షన్ పెట్టింది అదే. పిల్లికూతలంటే ఎవరో ఒకరు ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి వినాలి. మీ రెండు కుటుంబాల్లో ఆస్తమా, అలర్జీ ఉన్నాయా అని అడగాలి. ఆ పని ఏ మీటరూ చేయదు. వైద్యం నా పని కాదు కాబట్టి ఇంతకంటే చెప్పను. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఎప్పుడైనా ఊపిరి తీసుకునేటప్పుడు బాబు పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుంటున్నా, మాట పూర్తి చేయలేకపోతున్నా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఇక డబ్బు. 28,500 మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 33,630. దానికి 1,65,000 కలిపితే 1,98,630. మీ బ్యాంకులో ఉన్నదంతా తీసినా చాలదు. ఈఎంఐ కదా అంటారేమో, అదీ చూద్దాం. ఇప్పుడు మీ రెండు ఈఎంఐలు కలిపి 66,500, అంటే జీతాల్లో దాదాపు సగం. కొత్తది నెలకు 13,750. అది చేరితే 80,250, అరవై శాతం దగ్గర. ఇప్పుడు ఖర్చులు, సిప్ పోను మీకు నెలకు 8,500 మిగులుతోంది. ఆ ఈఎంఐ మొదలైతే మిగలడం మాట అటుంచి, నెలనెలా 5,250 తక్కువ పడుతుంది. క్రెడిట్ కార్డుకు అలవాటు పడేది సరిగ్గా ఇలాంటప్పుడే. నెలకు మీ ఇంట్లోంచి కదిలే డబ్బు, సిప్ కాకుండానే, 1,16,500. ఇద్దరిలో ఒకరి ఉద్యోగానికి ఏదైనా అయితే మిమ్మల్ని కాపాడాల్సింది ఆ 1,90,000 ఒక్కటే. పిల్లాడికి ఒంట్లో బాగోలేని ఇంట్లో ఆ డబ్బు కదపకూడదు.

అయితే బాబు కంటే డబ్బు ఎక్కువా అని మీవారు అడగొచ్చు. కాదు. నేనడిగేది ఈ ఖర్చు బాబుకు చేరుతుందా అని. మీ అక్క సంగతితో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. అమెరికాలో ఇల్లు కొనేముందు మనవాళ్లు చేయించే పరీక్ష ఎక్కువగా రేడాన్ కోసం. నేలలోని యురేనియం క్షీణిస్తూ పుట్టే వాయువు అది. రంగు లేదు, వాసన లేదు. పునాది పగుళ్లలోంచి బేస్‌మెంట్‌లోకి వస్తుంది. అక్కడ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడం తర్వాత రెండో పెద్ద కారణం ఇదేనని వాళ్ల పర్యావరణ సంస్థ చెబుతుంది. లీటరు గాలికి 4 పికోక్యూరీలు (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) దాటితే సరిచేయించుకోమంటుంది. సరిచేయడం కూడా తెలిసిన పనే. నేల కింది నుంచి గొట్టం వేసి, ఫ్యాన్ పెట్టి ఆ వాయువును ఇంటి కప్పు పైకి పంపేస్తారు. అంటే అక్కడ కంటికి కనిపించని దాన్ని పరీక్ష చూపిస్తుంది, ఒక అంకె దాటితే ఏం చేయాలో ముందే రాసి ఉంటుంది. మీ అక్క పెట్టిన ఖర్చు నూటికి నూరుపాళ్లు సరైనది. మీరున్నది నాలుగో అంతస్తు ఫ్లాట్. మీ ఇంట్లో అనుమానించాల్సినవి కంటికి కనిపిస్తూనే ఉన్నాయి. రెండింటిని మీరే ఉత్తరం చివర, ఏదో గుర్తొచ్చినట్టు రాశారు.

మొదటిది చెమ్మ. గోడ మీద పెయింట్ పొక్కులు లేచి, అక్కడక్కడా నల్లటి చుక్కలు పడ్డాయా? ముక్కు దగ్గర పెడితే వానాకాలం బీరువాలో మడతపెట్టిన బట్టల వాసన వస్తోందా? అయితే అది బూజు. కంటికి కనిపించే బూజుకు చాలా సందర్భాల్లో శాంపిల్ తీసి పరీక్షించాల్సిన పనే లేదని అమెరికా పర్యావరణ సంస్థ కూడా చెబుతుంది. అది ఏ జాతిదైనా చేయాల్సింది ఒకటే: నీళ్లు వచ్చే దారి మూయడం, పాడైన ప్లాస్టర్ కొట్టి ఆరనిచ్చి మళ్లీ చేయడం. దాని మీద కోటింగ్ వేస్తే చెమ్మ లోపలే ఉండిపోయి కొన్నాళ్లకు పక్కనుంచి బయటపడుతుంది.

పైగా ఆ పని ఖర్చు మీది కాకపోవచ్చు. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్‌లో మూడో ఉపసెక్షన్ ఉంది. ఇల్లు స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలో గాని, పనితనంలో గాని, నాణ్యతలో గాని లోపం బిల్డర్ దృష్టికి తెస్తే, 30 రోజుల్లో డబ్బు తీసుకోకుండా సరిచేయాలి. చేయకపోతే కొన్నవాళ్లకు పరిహారం అడిగే హక్కుంటుంది. కాబట్టి ఈ రోజే గోడ ఫొటోలు తీయండి, పక్కన ఆ రోజు పేపర్ పెట్టి. ఏ తేదీన ఫ్లాట్ స్వాధీనం చేశారో, చెమ్మ ఎప్పుడు కనిపించిందో రాసి బిల్డర్‌కు ఈమెయిల్ పంపండి, అదే ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపండి. సైట్ ఆఫీసులో నోటిమాటగా చెప్పి ఊరుకోవద్దు. 30 రోజులు దాటితే తెలంగాణ రెరాకు ఫిర్యాదు చేయొచ్చు. ఒక్క చిక్కు ఉంది. ఇంటీరియర్స్ చేయించేటప్పుడు ఆ బాత్రూమ్ టైల్స్ గాని, పైపులు గాని మీరు మార్పించి ఉంటే బిల్డర్ తప్పు మీ కాంట్రాక్టర్ మీదకు నెడతాడు. అప్పుడు ఆ కాంట్రాక్టర్ బిల్లు, మీ వాట్సాప్ మెసేజీలు బయటికి తీయాలి. చాలా కుటుంబాలు ఈ సెక్షన్ ఉందని తెలియకే వాటర్‌ప్రూఫింగ్‌కు సొంత డబ్బు పోస్తున్నాయి. చూసినప్పుడల్లా మనసు కష్టంగా ఉంటుంది.

రెండోది కాయిల్. దయచేసి ఈ రాత్రి నుంచే ఆపేయండి. 2003లో చైనా, మలేసియా కాయిల్స్ మీద జరిగిన ఒక అధ్యయనంలో, ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత ఉంటుందని తేలింది. ఫార్మాల్డిహైడ్ కూడా 51 సిగరెట్ల వరకు ఉండొచ్చని అందులోనే ఉంది. కంపెనీ వాళ్లు మీ వార్డ్‌రోబ్‌లో ఉందని భయపెట్టిన వాయువు ఇదే. తలుపులేసిన గదిలో, చలికాలం, దగ్గే పిల్లాడి మంచం పక్కన అది రాత్రంతా కాలుతోంది. కిటికీలకు మెష్, మంచానికి దోమతెర పెట్టించండి. రెండూ కలిపి మూడు నాలుగు వేలలో అయిపోతాయి. పొద్దున అగరొత్తులు, సాంబ్రాణి వేసే అలవాటుంటే బాబు గదికి దూరంగా, కిటికీ తెరిచి వేయమని మీ అత్తగారికి మెల్లిగా చెప్పండి. ఇల్లు అచ్చిరాకపోవడం ఏమీ లేదని కూడా చెప్పండి. ఆవిడ భయం కూడా బాబు మీద ప్రేమే కదా.

ఇక ఆ 0.38 సంగతి. 0.38 ఏమిటి? ఘనపు మీటరుకు మిల్లీగ్రాములా, పీపీఎమ్మా (పది లక్షల భాగాల గాలిలో ఎన్ని భాగాలు)? మీరు రాయలేదు, వాళ్లు చెప్పి ఉండరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంట్లో ఫార్మాల్డిహైడ్‌కు పెట్టిన హద్దు అరగంట సగటు మీద ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము, అంటే దాదాపు 0.08 పీపీఎం. అది గది మధ్యలో మనం పీల్చే గాలికి, మూసి ఉంచిన వార్డ్‌రోబ్ తెరిచిన క్షణానికి కాదు. నిరుడు నా క్లయింట్ ఒకరి ఇంట్లో ఇలాంటి మీటరే టీపాయ్ మీద ఉంది. చేతులకు శానిటైజర్ రాసుకుని దాని దగ్గర పెట్టాను. 0.04 ఉన్న అంకె నాలుగైదు సెకన్లలో 0.9 దాటింది. ఇలాంటి చవక సెన్సర్లు చాలావరకు ఆల్కహాల్‌నీ, అగరొత్తి పొగనీ, సెంటునీ ఫార్మాల్డిహైడ్ నుంచి విడదీయలేవు. క్లయింట్ అప్పటికే అడ్వాన్స్ కట్టేశారు. వెనక్కి రాబట్టడానికి రెండు నెలలు పట్టింది.

అలాగని చెక్కపని మీద అనుమానం తప్పని అనను. ప్లైవుడ్, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డుల్లో వాడే యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు నుంచి ఆ వాయువు వస్తుంది, నిజమే. కొత్తలో ఎక్కువ, నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. వేడి, తేమ పెరిగితే మళ్లీ ఎక్కువవుతుంది. వార్డ్‌రోబ్ లోపల టార్చ్ వేసి చూడండి. ముందువైపు మెరిసే లామినేట్ ఉంటుంది. వెనక పలకకు, అరల అడుగున, హింజ్ కోసం తొలిచిన గుంటల్లో చెక్క పచ్చిగా కనిపిస్తుందేమో చూడండి. వాయువు వచ్చేది అక్కడి నుంచే. కార్పెంటర్‌ను పిలిచి ఆ అంచులకు ఎడ్జ్ బ్యాండింగ్ (అంచును మూసే పట్టీ) వేయిస్తే ఒక పూట కూలి, కాస్త మెటీరియల్‌తో పోతుంది. రోజూ పొద్దున, సాయంత్రం తలుపులన్నీ తెరిచి ఎదురెదురు కిటికీల మధ్య గాలి ఆడనివ్వండి. కొన్నాళ్లు బాబు బట్టలు, దుప్పట్లు ఆ వార్డ్‌రోబ్‌లో పెట్టకండి. వీలైతే వాడిని మీ గదిలోనే పడుకోబెట్టండి.

మరి పరీక్ష ఎప్పుడు? గోడ ఆరి, కాయిల్ మానేసి, రెండు మూడు నెలలు ఇలా చేశాక కూడా ఆ గదిలోకి వెళ్తే కళ్లు మండుతుంటే, లేదా పరీక్ష చేయించమని డాక్టరే అంటే చేయించండి. ఇంటీరియర్స్ కాంట్రాక్టర్ మీద కేసు వేయాలన్నా కాగితం కావాలి. అప్పుడైనా ఇల్లంతా వద్దు. బాబు గది ఒక్కటి, ఫార్మాల్డిహైడ్ ఒక్కటి, పోల్చుకోవడానికి బాల్కనీలో ఒక శాంపిల్ చాలు. ఏప్రిల్, మే ఎండల్లో, రాత్రంతా గది మూసి ఉంచి తీయిస్తే చెక్క విడుదల చేసే గరిష్ఠం తెలుస్తుంది. ల్యాబ్‌లకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 17025 కింద, ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తించిన ల్యాబ్‌నే ఎంచుకోండి. గుర్తింపు ఉందంటే సరిపోదు, ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్‌లో ఆ ల్యాబ్ జాబితాలో గాలిలో ఫార్మాల్డిహైడ్ పరీక్ష ఉందో లేదో చూడాలి. నీళ్ల పరీక్షకు గుర్తింపు తెచ్చుకుని గాలికీ అదే లోగో వేసేవాళ్లున్నారు. శాంపిల్ ఎలా తీస్తారని అడగండి. చిన్న పంపుతో గాలిని డీఎన్‌పీహెచ్ ట్యూబ్‌లోకి (ఫార్మాల్డిహైడ్‌ను పట్టి ఉంచే రసాయనం ఉన్న గొట్టం) లాగి ల్యాబ్‌కు పంపుతామంటే పద్ధతి తెలిసినవాళ్లు. ఇక్కడే మీటర్ పెట్టి చూస్తామంటే వద్దనండి. ఎన్ని గంటలు తీశారు, ఆ సమయంలో గదిలో వేడి, తేమ ఎంత, ఏ హద్దుతో పోల్చారు అన్నవి రిపోర్టులో ఉండాలి. ఆ చివరిది ముఖ్యం. మన దగ్గర ఇంటి లోపలి గాలికి చట్టం పెట్టిన హద్దు లేదు. 2009 నాటి జాతీయ ప్రమాణాలు బయటి గాలికి. అందులో పీఎం 2.5కు, అంటే సన్నటి ధూళికి, 24 గంటల హద్దు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టింది 15. అమ్మేవాళ్లకు ఏ హద్దు కావాలంటే అది దొరుకుతుంది. అందుకే పరీక్ష చేసేవాళ్లూ, కోటింగ్, ప్యూరిఫయర్ అమ్మేవాళ్లూ ఒకరే అయిన చోట నేను ఎవరినీ డబ్బు కట్టనివ్వను.

ప్యూరిఫయర్ విషయం డాక్టర్ నోటి నుంచి రావాలి. కొనమంటే బాబు గదికి ఒకటి, పది పదిహేను వేలలో, ఏడాదికి ఫిల్టర్ మార్చడానికి ఎంతో అడిగి కొనండి. హెపా ఫిల్టర్ ధూళిని పడుతుంది గాని, ఫార్మాల్డిహైడ్ వాయువును ఆపలేదు. ఇంటి గాలి పరీక్ష ఖర్చుకు ఆదాయపు పన్నులో ఆరోగ్య బీమా, వైద్య పరీక్షలకిచ్చే మినహాయింపు (80డీగా తెలిసినది) ఉంటుందని స్టాల్‌లో చెప్పి ఉంటే నమ్మకండి. అందులో ఉన్నది మనుషులకు చేయించే ముందస్తు ఆరోగ్య పరీక్షలకు 5,000, అదీ పాత పన్ను విధానంలో మాత్రమే.

బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ఏ పరీక్షా వద్దు, వెంటనే దాన్ని బయట గాలి ఆడే చోటికి మార్పించండి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. స్నానానికి వెళ్లినవాళ్లు అక్కడే స్పృహ తప్పి పడిపోతారు, అరిచేందుకు కూడా వ్యవధి ఉండదు. ఈ ఖర్చుకు మాత్రం బ్యాంకులో డబ్బు తీసినా పరవాలేదు.

డాక్టర్ ఫీజు, మందులు, మెష్, దోమతెర, కార్పెంటర్ ఇవన్నీ ఈ రెండు నెలల మిగులు 17,000లో సర్దుకోండి. చాలకపోతే సిప్ ఒక నెల ఆపండి, ఏమీ కాదు. బాబును చూసి డాక్టర్ ఏమన్నారో, ఆ ఉత్తరానికి బిల్డర్ ఏం బదులిచ్చాడో నాకు రాయండి.