డాలస్ జట్టు పేరు వెనుక మిన్నెసోటా

ఉద్యోగరీత్యా ఈ మధ్యనే డాలస్ చేరిన ఒక సోదరుడు, స్టార్స్ జట్టు ఆడిన మర్నాడల్లా ఆఫీసులో ఐస్ హాకీ కబుర్లే నడుస్తాయనీ, ఆటలో ఓనమాలు తెలియక తాను కాఫీ కప్పు పట్టుకుని వింటూ నిలబడవలసి వస్తోందనీ, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమనీ అడిగారు.

నియమాలతో మొదలుపెట్టవద్దన్నది నా సలహా. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు, ఒక్కో వైపు గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు అని తెలిస్తే చాలు; మిగతాది నాలుగు ఆటలు చూస్తే దానంతటదే పట్టుబడుతుంది. ముందుగా జట్ల పేర్ల చరిత్ర తెలుసుకోండి. ‘ఆ పేరెందుకు పెట్టారు’ అని అడిగితే చాలు, ముభావంగా ఉండేవారు కూడా పావుగంట మాట్లాడతారు.

మీ ఊరి జట్టు సంగతే చూడండి. 1967లో అమెరికా, కెనడా జట్లు ఆడే నేషనల్ హాకీ లీగ్ ఆరు జట్ల నుంచి పన్నెండుకు పెరిగినప్పుడు మిన్నెసోటాకు ఒక జట్టు దక్కింది. ఆ రాష్ట్ర నినాదానికి ‘ఉత్తర నక్షత్రం’ అని అర్థం కాబట్టి దానికి నార్త్ స్టార్స్ అని పేరు పెట్టారు. 1993లో యజమాని నార్మ్ గ్రీన్ జట్టును డాలస్‌కు తరలించినప్పుడు ‘నార్త్’ ఒక్కటీ వదిలేశారు. టెక్సాస్‌ను ఒంటి నక్షత్రపు రాష్ట్రమని పిలుస్తారు కనుక మిగిలిన సగం ఇక్కడ చక్కగా అతికింది. ఆరేళ్లకే, 1999లో, డాలస్ ఆ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పు గెలిచింది. మీ సహోద్యోగుల్లో మిన్నెసోటాలోని మిన్నియాపోలిస్ వారెవరైనా ఉంటే, ఆ విజయం ఊసు వారి ముందు కాస్త ఆచితూచి ఎత్తడం మంచిది.

ఇలా ఊరు మారినా పేరు మారని జట్టు ఇదొక్కటే కాదు. అమెరికా అంతర్యుద్ధకాలంలో, 1864లో, అట్లాంటా నగరం తగలబడిన జ్ఞాపకంగా అక్కడి జట్టుకు ఫ్లేమ్స్ (మంటలు) అని పేరు పెట్టగా, 1980లో అది కెనడాలోని కాల్గరీకి వెళ్లింది. చమురు వ్యాపారపు నగరం కనుక ఆ మంట అక్కడా పనికొచ్చింది. న్యూజెర్సీ దారి వేరు: 1982లో డెన్వర్ నుంచి వచ్చిన జట్టు పాత పేరు వదిలి, ఆ రాష్ట్రపు దక్షిణాన ఉన్న పైన్ అడవుల్లో తిరుగుతుందని జనం చెప్పుకునే దెయ్యం పేరిట డెవిల్స్ అయింది. అక్కడి ఎడిసన్‌లో మీ బంధువులుంటే వారి పిల్లలను అడగండి, ఆ కథ చెబుతారు.

డాలస్‌లో ఉన్నవారు మరొకటి గుర్తుంచుకోవాలి. ఇక్కడ రేంజర్స్ అంటే పక్కనున్న ఆర్లింగ్టన్ బేస్‌బాల్ జట్టు. హాకీలో రేంజర్స్ న్యూయార్క్ వారు. తమాషా ఏమిటంటే ఆ పేరూ టెక్సాస్‌దే. 1926లో ఆ జట్టును నెలకొల్పిన టెక్స్ రికార్డ్ టెక్సాస్‌లో పెరిగినవాడు కావడంతో, టెక్సాస్ రేంజర్స్ అనే ఇక్కడి ప్రసిద్ధ పోలీసు దళాన్ని తలపించేలా పత్రికలవారు ‘టెక్స్ రేంజర్స్’ అని చమత్కరించారు, అదే స్థిరపడింది.

కొన్ని పేర్ల దగ్గర మాత్రం పరిహాసం వద్దు. టొరొంటో జట్టు 1927లో తీసుకున్న మేపుల్ లీఫ్స్ పేరులోని మేపుల్ ఆకు కెనడా సైనికులు ధరించిన చిహ్నం. షికాగో బ్లాక్‌హాక్స్ పేరు వారి తొలి యజమాని పనిచేసిన సైనిక దళం నుంచి వచ్చినా, ఆ దళానికి మూలం సాక్ అనే అమెరికా ఆదివాసీ తెగకు నాయకుడైన బ్లాక్ హాక్. ఆ జట్టు చిహ్నంపై నేటికీ వివాదం ఉంది.

ఆటకు వెళ్లేటప్పుడు మే నెలైనా సరే జాకెట్ తీసుకువెళ్లండి. ఆట సాగుతుండగా సీటు వదిలి లేవకండి. ఈల వేసేదాకా మెట్ల దగ్గర సిబ్బంది ఆపుతారు. జాతీయ గీతంలో ‘స్టార్స్’ అన్న మాట రాగానే హాలంతా ఒక్కసారిగా అరుస్తుంది. కంగారు పడకండి, అది ఇక్కడి అభిమానుల ఆనవాయితీ.