సమాధానం: జంక్ తెరచాపను తీసేయకండి
నమస్కారమండీ. మీరు కొన్న 25 అడుగుల పడవకు చైనా పద్ధతి జంక్ తెరచాప (అడ్డంగా బద్దలు బిగించి, వాటి మధ్య అరలుగా విడదీసిన చాప) ఉందని, ఇంగ్లండు దక్షిణ తీరంలోని సోలెంట్ జలసంధిలో పక్క పడవలవాళ్లు దాన్ని చూసి నవ్వుతున్నారని, ఎదురుగాలిలో అది నిజంగానే వెనకబడుతోంది కాబట్టి త్రికోణపు తెరచాపకు మార్చాలా అని అడిగారు. మార్చవద్దనే నా సలహా.

1960లో ప్లిమత్ నుంచి న్యూయార్క్‌కు జరిగిన ఒంటరి నావికుల పందెంలో బ్లాండీ హాస్లర్ ఇటువంటి తెరచాపతోనే, అదే 25 అడుగుల కొలత గల జెస్టర్ పడవను 48 రోజుల్లో నడిపి రెండవ స్థానంలో నిలిచారు. నవ్వేవారికి ఈ సంగతి తప్పక చెప్పండి.

అయితే ఎదురుగాలి విషయంలో వారి మాటలో కొంత నిజముంది. పాతకాలపు జంక్ తెరచాపలను చదునుగా కుట్టేవారు కనుక వాటికి గాలిని పట్టే వంపు ఉండదు. మీ చాపను నేలమీద పరిచి చూడండి. బద్దకూ బద్దకూ మధ్య గుడ్డ ఎక్కడా వదులు లేకుండా బిగువుగా ఉంటే లోపం అక్కడే ఉంది. ఒక్కొక్క అరకు కొద్దిగా పొట్ట వచ్చేటట్లు కొత్త చాప కుట్టిస్తే తేడా మీకే తెలుస్తుంది. త్రికోణపు చాపకైతే స్తంభాన్ని నిలబెట్టే ఉక్కు తాళ్లు, వాటిని బిగించడానికి పడవ గోడలకు బలం, అన్నీ కొత్తగా కావాలి.

పైగా, గాలి ఒక్కసారిగా పెరిగినప్పుడు చాపను పైకెత్తి ఉంచే తాడు వదిలితే చాలు, నా పడవలో రెండు అరలు బద్దల బరువుకే దిగి ఒకదానిమీద ఒకటి మడత పడతాయి. నేను కూర్చున్నచోటి నుంచి లేవనవసరం లేదు. చాపను పరిచాక ఫొటో పెట్టండి, కొలతలు చూసి చెబుతాను.