ఆవగింజంత స్క్రూ కోసం ఇనప కొట్టుకి పోవద్దు

మీరు మూడు స్క్రూల గురించి అడిగారు. కళ్ళజోడు కాడది ఒకటి, లాప్‌టాప్ అడుగున ఊడిపోయింది ఒకటి, కుక్కర్ పిడిది ఒకటి. కావలిలో రెండు హార్డ్‌వేర్ కొట్లు తిరిగినా దొరకలేదు, నెల్లూరు రావాలా, లేక ఆన్‌లైన్‌లో వెయ్యి స్క్రూల డబ్బా కొనేయాలా అన్నారు. డబ్బా సంగతి తర్వాత చెబుతాను. మీ మూడు స్క్రూలూ ఒకే కొట్లో దొరికేవి కావు. హార్డ్‌వేర్ కొట్లో అయితే మూడింటిలో ఒక్కటీ దొరకదు. ఈ ముక్క తెలుసుకునేలోపు నేను మా అమ్మ కుట్టు మిషను పాడుచేశాను.

మాది నెల్లూరు. స్టోన్‌హౌస్‌పేటకి నడిచి పోయేంత దూరంలో ఇల్లు. అమ్మది పాత నల్ల మిషను, కాలితో తొక్కేది. సూదిని బిగించే స్క్రూ ఒకటి ఉంటుంది చూడండి, వేళ్ళతో తిప్పడానికి వీలుగా తల కాస్త పెద్దగా ఉంటుంది. అది ఎక్కడో పడిపోయింది. సంక్రాంతి ముందు, జాకెట్లు కుట్టాల్సినవి నాలుగు ఉన్నాయి. నాకు తెలిసిందల్లా స్క్రూ అంటే ఇనప కొట్టు. పోయి అడిగితే కొట్లో పెద్దాయన నవ్వాడు. "ఏందబ్బయా, ఆవగింజ కావాలంటే కిరాణా కొట్టుకి పో. ఇక్కడ యాడ దొరుకుద్ది?" అయినా పాపం ఒక పాత డబ్బా బోర్లించి, దగ్గర దగ్గరగా ఉన్నది ఒకటి ఇచ్చాడు.

ఇంటికి తెచ్చి పెడితే రెండు చుట్లు హాయిగా ఎక్కింది. మూడో చుట్టుకి బిగుసుకుంది. తుప్పేమో అనుకుని మిషను నూనె రెండు చుక్కలు వేసి, కటింగ్ ప్లేయర్‌తో పట్టి తిప్పాను. కర్రుమంది. వెనక్కి తీస్తే స్క్రూకి అంటుకుని నూనెలో వెంట్రుకలాంటి మెరిసే తీగ ఒకటి వచ్చింది. అది కన్నం లోపలి మర, అంటే స్క్రూ చుట్లు దిగే మెలికల దారి. నా చేత్తో నేనే చెక్కి బయటికి లాగాను.

ఎందుకలా జరిగిందో తర్వాత మిషన్ల మెకానిక్ చెప్పాడు. ఇప్పుడు కొట్లలో దొరికేవి ఎక్కువగా మిల్లీమీటర్ల లెక్క స్క్రూలు. పాత మోడల్ కుట్టు మిషన్లవి అంగుళాల లెక్క. వాటిలో చాలావాటికి అంగుళానికి 40 చుట్లు, అంటే చుట్టుకీ చుట్టుకీ మధ్య 0.635 మిల్లీమీటర్లు. దాదాపు అదే లావుండే మిల్లీమీటర్ల స్క్రూల్లో ఆ దూరం 0.6 గానీ 0.7 గానీ ఉంటుంది. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మొదటి రెండు చుట్లలో తేడా తెలియదు, ఆ తర్వాత ఒకదాని చుట్టు మీదికి ఇంకోటి ఎక్కి నమిలేస్తుంది. పది రూపాయల స్క్రూతో పోయేదానికి, సూదిని పట్టుకునే ముక్క మొత్తం మార్చి నూట యాభై ఇచ్చాను. జాకెట్ల మాట అడగకండి.

అప్పట్నించి నా పద్ధతి ఇది. చిన్న స్క్రూ పోతే, అది ఎక్కడ అమ్ముతారా అని ఆలోచించను, ఈ స్క్రూ రోజూ ఎవరి చేతుల్లో ఊడుతూ ఉంటుంది అని ఆలోచిస్తాను. వాళ్ళ దగ్గర గుప్పెళ్ళకొద్దీ ఉంటాయి. అడిగితే చాలాసార్లు డబ్బులు కూడా తీసుకోరు.

మీ కళ్ళజోడే తీసుకోండి. మా నాన్న అద్దాల కాడ ఊడితే రెండు వారాలు గుండుసూది వంచి గుచ్చుకుని తిరిగాడు. అది చెవి పక్కన గీరుకుపోయి ఎర్రగా అయ్యాక గానీ నాతో చెప్పలేదు. ట్రంక్ రోడ్డులో ఒక కళ్ళజోళ్ళ కొట్టుకి తీసుకుపోయాను. మేం కొన్న కొట్టు కూడా కాదు. కుర్రాడు బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచి దాని మీద చిన్న మూతలో ఉన్న స్క్రూలు పోశాడు. తువ్వాలు ఎందుకంటే గాజు బల్ల మీద అయితే ఎగిరిపడి మాయమవుతాయట. చిమటాతో ఒకటి తీసి పెట్టి చూశాడు, వదులు. ఇంకోటి తీశాడు, సరిపోయింది. కానీ అది కావాల్సినదానికి రెండింతల పొడవుంది. నేను నోరు తెరిచేలోపే బిగించేసి, కిందికి పొడుచుకొచ్చిన ముక్కని టక్కున కత్తిరించి, ఆకురాయితో రెండుసార్లు రుద్దాడు. వాళ్ళు పొడవువి కొనేదే అందుకు. ఒకే స్క్రూ ఏ ఫ్రేముకైనా పనికొస్తుంది, లావు కుదిరితే చాలు. కళ్ళజోడు స్క్రూలు 1.2 నుంచి 1.6 మిల్లీమీటర్ల లావు మధ్య ఉంటాయి, ఎక్కువ వాడేది 1.4. చివర్లో స్క్రూ తల మీద నెయిల్ పాలిష్ చుక్క పెట్టాడు, మళ్ళీ వదులవకుండా. ఎంతివ్వాలి అంటే "ఏమొద్దు అంకుల్, కొత్త అద్దాలు ఇక్కడే చేయించుకోండి" అన్నాడు నాన్నతో. చేయించుకున్నాడు కూడా. కాబట్టి దీనికోసం మీరు కావలి దాటక్కర్లేదు. అన్నట్టు, స్క్రూ ఒక్కటే కాదు, కళ్ళజోడు మొత్తం తీసుకుపోండి. స్క్రూ పోయినా కన్నం ఉందిగా, అసలు కొలత అదే.

లాప్‌టాప్‌కి మొబైల్, లాప్‌టాప్ రిపేరు చేసేవాళ్ళ దగ్గరికి పోవాలి. చచ్చిపోయిన లాప్‌టాప్‌లు వాళ్ళ బల్ల కింద గుట్టలుగా ఉంటాయి, వాటి స్క్రూలే మీకు మందు. అడుగున ఉండేవి సాధారణంగా M2 గానీ M2.5 గానీ. M పక్కనున్న అంకె స్క్రూ లావు, మిల్లీమీటర్లలో. ఇక్కడ లావుకన్నా పొడవు ముఖ్యం. నాలుగు మిల్లీమీటర్లది ఉండాల్సిన చోట ఆరుది పెట్టి బిగిస్తే, అది లోపల బోర్డునో, పైన కీబోర్డునో పొడుస్తుంది. పక్క కన్నంలోని స్క్రూని నమూనాగా చూపించొచ్చు, కానీ ఒకే లాప్‌టాప్‌లో రెండు మూడు పొడవులుంటాయి. నేనైతే చీపురు పుల్ల కన్నంలో పెట్టి, ఎంత లోతు దిగిందో గోరుతో గుర్తు పెట్టుకుని, ఆ పుల్లనే చూపిస్తాను. పొడవు చెప్పేటప్పుడు ఒక తిరకాసు ఉంది. తల అడుగు బల్లపరుపుగా ఉంటే తల కింద నుంచి కొలుస్తారు. తల లోపలికి కూరుకుపోయే రకమైతే తలతో కలిపి కొలుస్తారు. ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు నేను దెబ్బతిన్నది ఇక్కడే.

కుక్కర్ పిడికి గాస్కెట్లు, విజిల్ వెయిట్లు అమ్మే స్టీలు సామాన్ల కొట్లో అడగండి. కంపెనీ పేరు, ఎన్ని లీటర్లదో చెప్పి పాత స్క్రూ ఉంటే చూపిస్తే చాలు. దొరక్కపోతే పిడి మొత్తం స్క్రూతో సహా వస్తుంది. ఏదో ఒక బోల్టు దూర్చి పని కానిచ్చేయడం మాత్రం వద్దు, ఆవిరి పట్టిన కుక్కర్ చేతిలో ఉండగా పిడి ఊడిందంటే కాళ్ళ మీదే పడుతుంది.

మీరు అడగలేదు గానీ రిమోట్లు, బొమ్మలు, మిక్సీ అడుగు భాగం, ఇలా ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూల సంగతి వేరు. వాటికి లోపల మర ఉండదు, స్క్రూనే ప్లాస్టిక్‌ని కోసుకుంటూ దారి చేసుకుంటుంది. అందుకే చుట్లు ఎడంగా, మొన సూదిగా ఉంటాయి. ఇందులో లావు కొంచెం అటూ ఇటూ అయినా నడుస్తుంది. తిరిగి బిగించేటప్పుడు ముందు ఎడమ వైపుకి మెల్లగా తిప్పండి. ఒకచోట టిక్ మని కిందికి దిగినట్టు వేలికి తెలుస్తుంది. అక్కణ్ణుంచి కుడివైపు తిప్పితే పాత దారిలోనే పోతుంది. నేరుగా కుడికి తిప్పారంటే కొత్త దారి కోస్తుంది, నాలుగోసారికి కన్నం గుల్లైపోతుంది. అప్పటికే గుల్లయితే అగ్గిపుల్ల చీల్చి ఒక పేడు కన్నంలో పెట్టి బిగించండి. మా రిమోట్ మూడేళ్ళుగా అగ్గిపుల్ల మీదే బతుకుతోంది.

తుప్పు సంగతి కూడా ఉంది. కావలి వైపు సముద్రపు గాలి మీకూ తగులుతుంది కాబట్టి చెబుతున్నా. మా అక్క వాళ్ళది ఒంగోలు దగ్గర కొత్తపట్నం. వాళ్ళింట్లో మామూలు ఇనప స్క్రూ ఏడాది తిరిగేసరికి బెల్లం రంగుకి వస్తుంది. తల మీద గాడి తుప్పుతో పూడిపోయి స్క్రూ డ్రైవర్ జారుతుంది. వాళ్ళకి దొరికినచోటల్లా స్టెయిన్‌లెస్ స్టీలువే వేయిస్తున్నాను. ఒక ఇబ్బంది ఏంటంటే, మామూలుగా దొరికే స్టెయిన్‌లెస్ స్క్రూ అయస్కాంతానికి అంటుకోదు. స్క్రూ డ్రైవర్ మొనకి అతుక్కోదు, కింద పడితే అయస్కాంతంతో వెతకలేం. స్విచ్ బోర్డులో తీగల్ని బిగించే ఇత్తడి స్క్రూ పోతే మాత్రం ఇనపదీ వద్దు, స్టీలుదీ వద్దు. మెయిన్ ఆపి, స్విచ్చే మార్చేయండి.

గాడి అరిగి జారుతున్నప్పుడు తప్పు సగం మనదే. మన ఇళ్ళలో ప్రతి స్క్రూకీ కరెంటు టెస్టరే స్క్రూ డ్రైవర్. స్టార్ గాడిలో చదునైన టెస్టర్ మొన పెట్టి తిప్పితే గాడి పోక ఏమవుతుంది? గాడికి సరిపోయే సైజు స్టార్ స్క్రూ డ్రైవర్ వాడి, తిప్పడం కన్నా కిందికి నొక్కడం ఎక్కువ చేయాలి. గాడి కొంచెమే పోయి ఉంటే మధ్యలో రబ్బరు బ్యాండు ముక్క పెట్టి నొక్కి తిప్పండి, కొన్నిసార్లు వస్తుంది.

కొత్తది వెతికే ముందు పోయినదాన్ని ఒకసారి సరిగా వెతికారా? లైటు ఆపేసి, ఫోన్ టార్చిని గచ్చు మీద పడుకోబెట్టి వెలిగించండి. పైనుంచి కనపడని స్క్రూ కూడా పక్కనుంచి వెలుతురు పడితే బారెడు నీడ వేస్తుంది. దొరక్కపోతే పాత స్పీకర్ అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో పెట్టి గచ్చు మీద తిప్పండి. ఏదైనా అంటుకున్నాక కవర్ని తిరగేస్తే చేతిలో రాలిపోతుంది. నాన్న కళ్ళజోడు స్క్రూకి ఇదీ చేశాను, కానీ ఇత్తడో స్టీలో, అంటుకోలేదు. దాని బదులు దొరికినవి రెండు పిన్నీసులు, ఒక స్టేప్లర్ పిన్ను, మా చెల్లెలు చిన్నప్పుడు పోగొట్టుకున్న పట్టీ మువ్వ.

ఇక వెయ్యి స్క్రూల డబ్బా. నేను ఐదు వందలది కొన్నాను. రెండేళ్ళలో వాడినవి పదకొండు. తలలు మెత్తవి, రెండోసారి తిప్పితే గాడి పోతోంది. మీరు రోజూ లాప్‌టాప్‌లు విప్పేవాళ్ళైతే M2, M2.5, M3 ఉన్న చిన్న డబ్బా కొనండి, లేకపోతే అనవసరం. దానికన్నా పాత సామాను వాడికి వేసే ముందు ప్రతి వస్తువునీ విప్పి స్క్రూలు తీసి పెట్టుకోండి. పనిచేయని డీవీడీ ప్లేయర్ ఒక్కటి విప్పితే చాలు, రకరకాలవి చాలా వస్తాయి. మా ఇంట్లో మర ఉన్నవి ఒక అమృతాంజనం సీసాలో, ప్లాస్టిక్‌వి ఇంకో సీసాలో ఉంటాయి. కలిపితే మళ్ళీ వెతకలేం.

రేపు కళ్ళజోడుతో మొదలుపెట్టండి. లాప్‌టాప్ మూత తీయాల్సి వస్తే, తీసిన స్క్రూలని ఏ కన్నంలోవి ఆ వరసలోనే సెలోటేపు మీద అంటించుకోండి.