ఇంజిన్ రూమ్ సిమ్యులేటర్ ట్రైనింగ్ నిజంగా పనికొస్తుందా, సర్టిఫికెట్ కోసమేనా?

పనికొస్తుంది. ఓడ ఇంజిన్ రూమ్‌ని కంప్యూటర్ స్క్రీన్ల మీద నకలు చేసి నేర్పే ట్రైనింగ్ ఇది. ‘అదంతా వీడియో గేమ్’ అనే సీనియర్ల మాట నేను ఒప్పుకోను. ఓడల్లో సెకండ్ ఇంజనీర్‌గా పనిచేస్తున్నాను కాబట్టి చూసిందే చెబుతున్నాను.

హల్దియా వెళ్తూ హుగ్లీ నదిలో ఉన్నాం. నదిలో దారి చూపే పైలట్ బ్రిడ్జి (ఓడ నడిపే గది) మీద ఉన్నాడు. రెండు జనరేటర్లు కలిసి లోడ్ మోస్తుంటే ఒకటి ట్రిప్ అయింది (దానంతటదే ఆగిపోయింది), భారం తట్టుకోలేక రెండోదీ పడిపోయింది. కరెంటు లేదు, లూబ్ ఆయిల్ పంపు లేదు, మెయిన్ ఇంజిన్ ఆగిపోయింది. ఎమర్జెన్సీ జనరేటర్ 45 సెకన్లలోపు అందుకోవాలని రూలు. మాది అందుకుంది, స్టీరింగ్ బతికింది. కంట్రోల్ రూమ్ ప్యానెల్ నిండా ఎర్ర లైట్లు. జూనియర్ కుర్రాడు అలారం బటన్ నొక్కుతూనే ఉన్నాడు. బడా సాబ్ (చీఫ్ ఇంజనీర్) మాత్రం స్టాండ్‌బై జనరేటర్ బ్రేకర్ మీదే చూపు పెట్టారు. ముందు కరెంటు, తర్వాత లూబ్ ఆయిల్, కూలింగ్ వాటర్ పంపులు. ఇంజిన్ వేగం మార్చే లీవర్‌ని స్టాప్‌కి తెచ్చి, ట్రిప్ రీసెట్ చేసి, అప్పుడు స్టార్ట్. ఆ వరుస నా చేతికి సిమ్యులేటర్లోనే పట్టుబడింది.

అక్కడ మా బ్యాచ్‌మేట్ ఒకతను రీసెట్ చేయకుండానే స్టార్ట్ మీద స్టార్ట్ కొట్టి, ఇంజిన్ స్టార్ట్ చేయడానికి 30 బార్ ప్రెషర్‌తో గాలి నింపి ఉంచే ఎయిర్ బాటిల్ ఖాళీ చేసేశాడు. కరెంటు లేక గాలి మళ్లీ నింపే కంప్రెసర్లూ నడవవు. ఇన్‌స్ట్రక్టర్ ఒక్క మాట అనలేదు, మమ్మల్ని అలాగే గింజుకోనిచ్చారు. గాలి ఎంత విలువైనదో అందరికీ బుర్రకెక్కింది.

ప్రొపెల్లర్ సంగతీ అంతే. ఆర్‌పీఎం 10 శాతం పెంచితే పవర్ దాదాపు 33 శాతం ఎక్కువ కావాలని పుస్తకంలో చదివి మర్చిపోతాం. ఎదురుగాలి పెట్టి, ఓడ అడుగున నాచు పెట్టి లీవర్ తోయమంటే, లోడ్ ఎలా ఎగబాకుతుందో కళ్లతో చూస్తాం. ఇక వేడి, వాసన, బిగిసిపోయిన వాల్వు తిప్పడం లాంటివి ఓడ మీదే నేర్చుకోవాలి, అవి ఏ స్క్రీనూ నేర్పదు.

నాకు కోపం తెప్పించేది వేరే ఉంది. కొన్ని ఇన్‌స్టిట్యూట్లలో ఒక్క స్క్రీన్ ముందు ఇరవై మందిని నిలబెట్టి, స్లైడ్లు చదివి పంపించేస్తారు. ఫీజు మాత్రం పూర్తిగా కట్టాలి. ఓడ సిబ్బంది శిక్షణ, సర్టిఫికెట్ల ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ ఎస్‌టీసీడబ్ల్యూ ఒప్పందం రాడార్ సిమ్యులేటర్‌ని తప్పనిసరి చేసి, ఇంజిన్ రూమ్ సిమ్యులేటర్‌ని నైపుణ్యం చూపించే మార్గాల్లో ఒకటిగా మాత్రమే ఒప్పుకుంది. ఇది అన్యాయం. 2024 మార్చి 26న బాల్టిమోర్‌లో డాలీ ఓడ కరెంటు పోయే కదా వంతెనను గుద్దింది, ఆరుగురు కార్మికులు పోయారు. బ్లాకౌట్ (ఓడంతా కరెంటు పోవడం) నుంచి కోలుకోవడాన్ని రాడార్ కంటే తక్కువగా చూడటానికి ఏ కారణమూ లేదు.

చేరేముందు రెండు ప్రశ్నలు అడగండి: ఒక్కో ఎక్సర్‌సైజుకి ఎంతమంది కూర్చుంటారు? బ్లాకౌట్ మీ చేత స్వయంగా చేయిస్తారా? ముక్తసరిగా జవాబిస్తే వేరే చోటు చూసుకోండి.